బొమ్మ వెనుక వ్రాయవలసిన మాట

ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల దుకాణాలు, సభలు, ప్రదర్శనలు ఇప్పుడు వెబ్‌సైట్లకెక్కాయి. ఏ పేజీ తెరిచినా బొమ్మలే. కాని అంధులకు ఆ బొమ్మలు ఏం చెబుతున్నాయి? వారి ఫోనులోని స్క్రీన్ రీడర్ పేజీలోని అక్షరాలను పైకి చదువుతుంది. బొమ్మ దగ్గరకు వచ్చేసరికి, దానికి జతచేసి వ్రాసిన మాటలనే చదువుతుంది. వాటికే ఆల్ట్ టెక్స్ట్ అని పేరు. అవి లేకపోతే ఒక్కోసారి మౌనంగా దాటిపోతుంది, ఒక్కోసారి ఫైలుకు కెమెరా పెట్టిన అంకెలను ఏకరువు పెడుతుంది.

బొమ్మలో ఏముందన్నదానికంటే, ఆ పేజీలో అది ఎందుకుందన్నది ముఖ్యం. ఉదాహరణకు నాంపల్లి స్టేషన్ రోడ్డులోని గోల్డెన్ త్రెషోల్డ్ భవనం ఫోటో. సరోజినీ నాయుడు జీవితం గురించిన పేజీలోనైతే "సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన గోల్డెన్ త్రెషోల్డ్" అంటే చాలు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం చరిత్ర చెప్పే పేజీలో "1974లో విశ్వవిద్యాలయం మొదలైన భవనం" అనాలి. దారి చెప్పే పేజీలోనైతే గేటు ఎటువైపుందో, మెట్లున్నాయో లేదో చెప్పాలి. ఆకాశం నీలంగా వుందన్న సంగతి ఈ మూడింటికీ అక్కర్లేదు. "ఫోటో" అని మొదలుపెట్టనక్కర్లేదు కూడా, ఆ మాట యంత్రమే చెబుతుంది. అలంకారానికి పెట్టిన పూలతీగకైతే ఆల్ట్‌ను ఖాళీగా వుంచాలి.

అసలు చిక్కు పోస్టర్లతోనే. 1938లో మొదలై, ఏటా నాంపల్లి మైదానంలో జరిగే నుమాయిష్ వంటి ప్రదర్శన ప్రకటన ఒక్క బొమ్మగా పెడితే తేదీలు, వేళలు, టిక్కెట్టు ధర అన్నీ అందులోనే చిక్కుకుంటాయి. దానికి "పోస్టరు" అని వ్రాస్తే వ్రాయనట్టే. ఆ వివరాలు పేజీలో అక్షరాలుగా కూడా వుండాలి. ఉద్యోగ ప్రకటనలో చివరి తేదీ బొమ్మలోనే వుండిపోతే, అంధ అభ్యర్థికి ఆ ఉద్యోగం లేనట్టే.

ఇది దయతో చేసే పని కాదు. ఎలక్ట్రానిక్ సమాచారం వికలాంగులకు అందుబాటులో వుండాలని 2016 నాటి చట్టం చెబుతోంది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది.

ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ తెలుగు కూడా చదువుతుంది. పేజీ తయారుచేసినవారు కళ్లు మూసుకుని ఒకసారి వింటే లోపమెక్కడో తెలిసిపోతుంది. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకం కొనేవారు అట్ట తిప్పి చూసుకుంటారు. అదే పుస్తకాన్ని ఫోటో తీసి అమ్మేవారు ఆల్ట్‌లో పుస్తకం పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం వ్రాయాలి, అట్ట చిరిగివుంటే ఆ సంగతీ చెప్పాలి.