గురుపట్టాభిషేకంలో హస్తనిక్షేపణ: సారభూత క్రియ, వివరణాత్మక క్రియలు

సారాంశం:
కతోలిక గురుపట్టాభిషేకంలో సాష్టాంగ ప్రణామం, హస్తనిక్షేపణ, కరతలాభ్యంగనం, పాత్రల ప్రదానం వంటి పలు క్రియలు ఉన్నాయి. వీటిలో అభ్యర్థిని గురువుగా చేసే క్రియ ఏది అన్న ప్రశ్నకు చరిత్రలో వెలువడిన సమాధానాలను, 1947 నాటి నిర్ణయాన్ని, నేటి క్రమంలో ఆయా క్రియల స్థానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: గురుపట్టాభిషేకం, హస్తనిక్షేపణ, ప్రతిష్ఠాపన ప్రార్థన, పాత్రల ప్రదానం, అభ్యంగనం.

1. ప్రస్తావన

తెలుగు కతోలికులు ఈ సంస్కారాన్ని 'గురుపట్టాభిషేకం' అని వ్యవహరిస్తారు. ఈ పదం వినగానే అభిషేకద్రవ్యం స్ఫురించడం సహజం. వేడుకలో చూపరులను ఆకట్టుకునేవి కూడా తైలాభ్యంగనం, పూజావస్త్రధారణ, పాత్రల స్వీకారమే. అయితే శ్రీసభ బోధన ప్రకారం అభ్యర్థి గురువయ్యేది ఆ ఘట్టాలలో కాదు. పీఠాధిపతి మౌనంగా అతని శిరస్సుపై చేతులుంచి, ఆపై ప్రతిష్ఠాపన ప్రార్థన పలకడంతోనే సంస్కారం సిద్ధిస్తుంది. ఈ స్పష్టత ఏర్పడటానికి శతాబ్దాలు పట్టింది.

2. ప్రాచీన ఆధారం

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఏడుగురు పరిచారకుల నియామకం ప్రార్థనతో, హస్తనిక్షేపణతో జరిగింది. తిమోతికి రాసిన రెండు లేఖలూ (1 తిమోతి 4:14, 2 తిమోతి 1:6) అతడు పొందిన కృపావరాన్ని ఈ క్రియతోనే ముడిపెడతాయి. ప్రాచ్య సభలు నేటికీ హస్తనిక్షేపణ, ప్రార్థనల ద్వారానే గురువులను ప్రతిష్ఠిస్తున్నాయి.

3. పాత్రల ప్రదానం తెచ్చిన సందేహం

మధ్యయుగాలలో పాశ్చాత్య సభ ఈ క్రమానికి కొన్ని క్రియలను జోడించింది. ద్రాక్షారసం గల పూజాపాత్రను, అప్పం ఉంచిన పళ్ళెరాన్ని అభ్యర్థి చేత తాకించడం వాటిలో ముఖ్యమైనది. దివ్యబలిపూజ అర్పించే అధికారాన్ని ఈ క్రియ కంటికి కట్టినట్లు చూపుతుంది. అందువల్ల సంస్కారానికి ఇదే ప్రధానమని థామస్ అక్వినాస్ వంటి వేదాంతులు భావించారు. 1439లో ఫ్లోరెన్స్ మహాసభ అర్మేనియనుల కోసం వెలువరించిన శాసనం కూడా పాత్రల ప్రదానాన్నే సంస్కార 'పదార్థం'గా పేర్కొంది. వేదాంత పరిభాషలో కంటికి కనిపించే క్రియ 'పదార్థం', దాని అర్థాన్ని నిర్ణయించే మాటలు 'రూపం'.

దీనివల్ల ఆచరణలో చిక్కు ఏర్పడింది. అభ్యర్థి పాత్రను తాకకపోతే సంస్కారం చెల్లిందా? గురుత్వ సంస్కారం ఒక వ్యక్తికి ఒక్కసారే ఇవ్వదగినది. కనుక తీవ్రమైన సందేహం కలిగినచోట, 'మొదటిది చెల్లకపోయి ఉంటేనే' అన్న షరతుతో మళ్ళీ జరపవలసి వచ్చేది. ఒక గురువు అప్పటివరకు అర్పించిన బలిపూజలు, ఇచ్చిన పాపక్షమాపణలు చెల్లుతాయా అన్న ప్రశ్న కూడా దీనితో ముడిపడి ఉండేది.

4. 1947 నిర్ణయం

పన్నెండవ పయస్ పోపు 1947 నవంబరు 30న వెలువరించిన 'సాక్రమెంతుం ఓర్దినిస్' అనే శాసనం ఈ సందేహాన్ని తొలగించింది. హస్తనిక్షేపణే సంస్కార పదార్థమని, గతంలో నిర్ణయం ఏదైనప్పటికీ కనీసం ఇకపై పాత్రల ప్రదానం చెల్లుబాటుకు అవసరం కాదని అది నిర్ణయించింది. పాత్రల ప్రదానం లేని గ్రీకుల పద్ధతిని ఫ్లోరెన్స్ మహాసభ మార్చమనలేదన్న విషయం ఇందులో కీలకమైన వాదం.

గురువుల విషయంలో పీఠాధిపతి మౌనంగా చేసే మొదటి హస్తనిక్షేపణే పదార్థమని శాసనం స్పష్టం చేసింది. ఆ తరువాత కుడిచేయి చాచి ఉంచడం గాని, పూజ చివర పాపక్షమాపణ అధికారాన్ని సూచిస్తూ చేసే రెండవ హస్తనిక్షేపణ గాని పదార్థం కాదు. చేతులు శిరస్సును నిజంగా తాకాలని కూడా ఆదేశించింది. భౌతిక స్పర్శ లేకపోయినా సంస్కారం చెల్లుతుందని అంగీకరిస్తూనే, సందేహానికి తావుండరాదని ఈ నియమం పెట్టింది. చెల్లుబాటుకు చాలినదీ, సక్రమ నిర్వహణకు అవసరమైనదీ ఒకటే కాదన్న భేదం ఇక్కడ గమనింపదగినది.

5. నేటి క్రమం

రెండవ వాటికన్ మహాసభ అనంతరం 1968లో ఆరవ పౌలు పోపు ఆమోదించిన క్రమం ఈ నిర్ణయాన్ని మరింత ప్రస్ఫుటం చేసింది. పూజ చివరి రెండవ హస్తనిక్షేపణను తొలగించింది. నేటి క్రియలను మూడు వర్గాలుగా చూడవచ్చు.

అ) సన్నాహక క్రియలు: అభ్యర్థి తన చేతులను పీఠాధిపతి చేతుల మధ్య ఉంచి విధేయతా ప్రమాణం చేస్తాడు. సకల పునీతుల ప్రార్థన సాగుతుండగా సాష్టాంగపడతాడు.

ఆ) సారభూత క్రియ: పీఠాధిపతి మౌనంగా అభ్యర్థి శిరస్సుపై రెండు చేతులూ ఉంచుతారు. అక్కడున్న గురువులు కూడా ఒక్కొక్కరుగా వచ్చి మౌనంగానే చేతులుంచుతారు. ఇది కొత్త గురువును తమ గురుమండలిలోకి స్వీకరించడానికి సంకేతం. సంస్కారాన్ని ప్రదానం చేసేది మాత్రం పీఠాధిపతియే. డీకన్ల అభిషేకంలో పీఠాధిపతి ఒక్కరే చేతులుంచడాన్ని దీనితో పోల్చి చూడవచ్చు. అనంతరం పీఠాధిపతి చేతులు చాచి ప్రతిష్ఠాపన ప్రార్థన పలుకుతారు.

ఇ) వివరణాత్మక క్రియలు: పూజావస్త్రధారణ, కరతలాభ్యంగనం, అప్పద్రాక్షారసాల ప్రదానం, శాంతి చుంబనం. పూర్వం జ్ఞానస్నానార్థుల తైలంతో జరిగిన అభ్యంగనం 1968 నుండి క్రిస్మా తైలంతో జరుగుతోంది. పాత్రల ప్రదానం తొలగిపోలేదు. దాని స్థానం మారింది. గురుత్వాన్ని ఇచ్చే క్రియగా కాక, అప్పటికే లభించిన గురుత్వం దేనికోసమో తెలిపే క్రియగా అది నిలిచింది.

6. ముగింపు

ఈ సంస్కారంలో అతి తక్కువ ఆర్భాటం గల ఘట్టమే అత్యంత ప్రధానమైనది. ఆ సమయంలో గానం గాని, వ్యాఖ్యానం గాని వినిపిస్తే మౌనం భగ్నమై, క్రియ ప్రాధాన్యం సభకు మరుగునపడుతుంది. 'గురుపట్టాభిషేకం' అన్న తెలుగు పదం అభిషేకాన్ని ముందుంచినా, సంస్కారాన్ని సిద్ధింపజేసేది హస్తనిక్షేపణ, ప్రార్థనలే. ఈ భేదాన్ని గుర్తించినప్పుడే ప్రతి క్రియా తన స్థానంలో అర్థవంతమవుతుంది.