నైవేలి నగరం - పొలం పోయిన కూలి

తమిళనాడు కడలూరు జిల్లాలోని నైవేలి దానంతటది పెరిగిన ఊరు కాదు. నేలలోని లిగ్నైటును, అంటే గోధుమరంగు బొగ్గును, తవ్వే కార్మికుల కోసం పథకం ప్రకారం కట్టిన నగరం. బ్లాకులుగా విడదీసిన ఇళ్లు, వెడల్పాటి రోడ్లు, చెట్లనీడ, బడులు, ఆసుపత్రి అన్నీ ఉన్నాయి. 1956లో ప్రభుత్వరంగ సంస్థ ఏర్పడింది. 1957 మే నెలలో నెహ్రూ తవ్వకం ప్రారంభించారు. 1962లో సోవియట్ సహాయంతో కట్టిన కేంద్రం కరెంటు ఇవ్వసాగింది.

ఇది ప్రజల సొత్తు. ఇందులో 5 శాతం వాటా అమ్ముతామని కేంద్రం అన్నప్పుడు, 2013లో కార్మికులు సమ్మె చేశారు. మంచి పని చేశారు. మనం వాళ్ల పక్షమే.

కాని ఆ బొగ్గు పైన ఉన్నది పంటభూమి. ఓపెన్‌కాస్టు గని అంటే పైమట్టి మొత్తం ఎత్తిపోయాల్సిందే. అడుగునుంచి ఉబికే నీటిని రాత్రింబవళ్లు తోడాల్సిందే. గని జరిగేకొద్దీ ఊళ్లు జరగాలి.

2023 జులైలో వలయమాదేవి దగ్గర కాలువ తవ్వడానికి పచ్చటి వరిచేలమీద యంత్రాలు నడిపించారు. భూమి ఎన్నడో తీసుకున్నాం, ఇంకా ఎందుకు సాగు చేశారని సంస్థ వాదన. మద్రాసు హైకోర్టు పోయిన పంటకు ఎకరాకు 40 వేల రూపాయలు ఇమ్మంది.

సరే, రైతుకు ఆ మాత్రమన్నా దక్కింది. మరి ఆ చేలో నాటు వేసిన ఆడకూతురికి ఏమి దక్కింది? కోత కూలిమీద ఆశ పెట్టుకున్నవాడికి? పట్టా లేదు గనక లెక్కలో లేరు. ఎకరాలు కొలిచే గొలుసు చేతులను కొలవదు.

పోరాటాల ఫలితంగా వచ్చిన 2013 భూసేకరణ చట్టం ఈ తప్పును కొంత దిద్దింది. సెంటు భూమి లేకపోయినా, అక్కడ మూడేళ్లుగా పనిచేస్తూ దానిమీదే బతుకుతున్న కూలి కుటుంబం కూడా బాధిత కుటుంబమేనని రాసింది. కాగితంమీద ఉన్న హక్కు అడిగితేనే చేతికొస్తుంది.

మన సింగరేణి ప్రాంతంలోనూ ఓపెన్‌కాస్టులు ఊళ్లను మింగాయి. కూలి అన్నలారా, అక్కలారా! రేపు మీ ఊరికి సర్వే అధికారి జాబితా పట్టుకొస్తే ముందుగా ఒక్కమాట అడగండి: "అయ్యా, ఇందులో మా పేర్లేవి?" రైతులు కూడా మీ పక్కన నిలబడి అడగాలి. విడివిడిగా అడిగితే ఎవరికీ దక్కదు.