పాత ల్యాప్‌టాప్‌కు కొత్త డిస్క్ - ఏది ఎంచుకోవాలి?

బడి నుంచి రాగానే ల్యాప్‌టాప్ మీట నొక్కారు. కాళ్ళూ చేతులూ కడుక్కున్నారు. ఫలహారం తిన్నారు. వచ్చి చూస్తే తెర మీద చిన్న చక్రం ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంది! "దీని పని అయిపోయింది, కొత్తది కొనాల్సిందే" అంటారు పెద్దవాళ్ళు. తొందరపడకండి. చాలాసార్లు ముసలితనం వచ్చేది యంత్రం మొత్తానికి కాదు, అందులోని ఒక్క భాగానికే. అదే హార్డ్ డిస్క్. దాన్ని మార్చితే ల్యాప్‌టాప్ మరికొన్నేళ్ళు హాయిగా పనిచేయవచ్చు. అయితే దాని స్థానంలో ఏది పెట్టాలి? అది తెలియాలంటే ముందు ఈ డిస్క్ ఎలా పనిచేస్తుందో చూద్దాం.

తిరిగే పళ్ళేలు

హార్డ్ డిస్క్ డబ్బాలో అద్దంలా మెరిసే గుండ్రటి పళ్ళేలు ఒకటో రెండో ఉంటాయి. వాటిమీద అతి పల్చని అయస్కాంతపు పొర ఉంటుంది. మీరు రాసిన వ్యాసం, తీసిన ఫోటో, విన్న పాట - ఏదైనా సరే, అక్కడ 1, 0 అనే రెండు గుర్తుల వరుసే. ఆ గుర్తులను పొరలోని అయస్కాంతపు దిశలుగా రాసి పెడతారన్నమాట.

ఐ.బి.ఎం. కంపెనీ 1956లో తెచ్చిన మొదటి హార్డ్ డిస్క్ యంత్రంలో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. అంత పెద్ద యంత్రంలోనూ పట్టినవి 50 లక్షల అక్షరాలే. ఈనాడు ఫోనుతో తీసే ఒక్క ఫోటోకే దాదాపు అంత చోటు కావాలి!

పళ్ళెం మీద గుర్తులను రాసేది, చదివేది ఒక చిన్న 'తల'. అది పళ్ళేన్ని తాకదు. పళ్ళెం తిరిగే వేగానికి పుట్టే గాలిపొర మీద కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. మీ తలవెంట్రుక మందమే పదివేల నానోమీటర్లలో ఉంటుంది. మరి ఆ ఎడం ఎంత చిన్నదో ఊహించండి! అందుకే పనిచేస్తున్న ల్యాప్‌టాప్ కింద పడితే, తల పళ్ళేనికి తగిలి గీతలు పెట్టేస్తుంది. గీత పడినచోట ఉన్న ఫోటోలు పోయినట్టే.

మీ ల్యాప్‌టాప్ దగ్గర చెవి పెట్టి వినండి. సన్నని గుయ్యిమనే చప్పుడైతే ఫరవాలేదు. 'టక్, టక్' మంటూ మళ్ళీ మళ్ళీ చప్పుడు వస్తుంటే మాత్రం అది హెచ్చరిక. ఇంకే పనీ పెట్టుకోకుండా ముఖ్యమైన వాటికి వెంటనే మరోచోట నకలు తీయండి. కొత్త డిస్క్ దుకాణంలో దొరుకుతుంది. అమ్మమ్మ ఫోటో దొరకదు గదా!

రంగులరాట్నం లెక్క

డిస్క్ నెమ్మది ఎందుకు? తిరునాళ్ళలో రంగులరాట్నం చూసే ఉంటారు. మీ స్నేహితుడు దానిమీద తిరుగుతున్నాడు. మీరు ఒకచోట నిలబడి అతని చేతికి మిఠాయి ఇవ్వాలి. అతని గుర్రం మీ ముందుకు వచ్చేదాకా ఆగాల్సిందే గదా. తల పరిస్థితీ అంతే.

ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా వాడిన డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 90 చుట్లు, ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు వచ్చేదాకా సగటున అర చుట్టు, అంటే సుమారు 5.5 మిల్లీసెకన్లు ఆగాలి. తల సరైన గీత దగ్గరికి జరగడానికి మరో 12 మిల్లీసెకన్లు వేసుకుందాం. మొత్తం 17.5. ఇది కనురెప్పపాటు కన్నా తక్కువే. కాని ల్యాప్‌టాప్ లేచేటప్పుడు అక్కడక్కడా చెదిరి ఉన్న వేలకొద్దీ చిన్న ముక్కలను చదవాలి. వెయ్యి ముక్కలకే 17.5 సెకన్లు! చక్రం తిరుగుతూ ఉండడానికి కారణం తెలిసిందా?

తిరగని డిస్క్

ఇప్పుడు రెండో రకం. దీన్ని ఎస్.ఎస్.డి. అంటారు. ఇందులో పళ్ళెం లేదు, తల లేదు, కదిలే భాగమే లేదు. ఉన్నవి ఫ్లాష్ చిప్‌లు. ఈ ఫ్లాష్ జ్ఞాపకాన్ని 1980లలో జపాను దేశంలో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసువోకా రూపొందించాడు. విద్యుత్తును పోనివ్వని పొరల మధ్య చిన్న గదిలో ఎలక్ట్రాన్లను బంధిస్తారు. గదిలో అవి ఉన్నాయా, లేవా, ఎన్ని ఉన్నాయి అన్నదాన్ని బట్టి గుర్తులు చదువుతారు. రాట్నం తిరిగేదాకా ఆగే పని లేదు. ఒక ముక్కను అందుకోవడానికి దాదాపు 0.1 మిల్లీసెకను చాలు. వెయ్యి ముక్కలకు 0.1 సెకను! పైగా చిన్న కుదుపులకు జడవదు.

అయితే దీనికీ ఒక బలహీనత ఉంది. పలక మీద ఒకేచోట రాస్తూ తుడుస్తూ ఉంటే ఆ చోటు అరిగిపోతుంది. ఫ్లాష్ గది కూడా అంతే. రాసి చెరిపిన ప్రతిసారీ దాని పొర కొంచెం బలహీనపడుతుంది. అందుకని ఎస్.ఎస్.డి. తెలివిగా చోటు మార్చి మార్చి రాసుకుంటుంది. మొత్తం ఎంత రాయవచ్చో తయారీదారు చెబుతాడు. ఉదాహరణకు 150 టెరాబైట్లు అని ఉందనుకోండి. మీరు రోజుకు 20 గిగాబైట్లు రాసినా 7500 రోజులు, అంటే 20 ఏళ్ళు! భయపడనక్కరలేదు. కాని ఇది చెడిపోయేటప్పుడు 'టక్, టక్' మని హెచ్చరించదు. కాబట్టి నకలు దీనికీ తప్పదు.

కొనేముందు మూడు ప్రశ్నలు

మొదటిది: మీ ల్యాప్‌టాప్‌లో ఎలాంటి చోటు ఉంది? కింద ఉన్న మోడల్ నంబరు రాసుకుని, కంపెనీ ఇచ్చిన పుస్తకంలో చూడండి. 2.5 అంగుళాల డబ్బా రకమైతే మందం గమనించండి. 7 మిల్లీమీటర్ల చోట 9.5 మిల్లీమీటర్లది పట్టదు. పెద్ద చోట చిన్నది పెట్టి, సందులో ఎడమచట్రం అమర్చవచ్చు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎమ్.2 అనే సన్నని పట్టీ రకం ఉంటుంది. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. మరికొన్నింటిలో చిప్‌లను బోర్డుకే అతికించేస్తారు. వాటిని మనం మార్చలేం.

రెండోది: ఏ దారిలో మాట్లాడుతుంది? డబ్బా రకానికి ఎక్కువగా సాటా దారి. ఇందులో ఎస్.ఎస్.డి. సెకనుకు సుమారు 550 మెగాబైట్లు పంపగలదు. ఎమ్.2 పట్టీలలో కొన్ని సాటావి, కొన్ని ఎన్.వి.ఎమ్.ఈ. దారివి. రెండోవి ఎన్నో రెట్లు వేగం. చూడటానికి రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. సాకెట్‌లో దూరినంత మాత్రాన పనిచేస్తుందని అనుకోకండి. మీ ల్యాప్‌టాప్‌కు ఏ దారి తెలుసో అదే కొనాలి.

మూడోది: ఎంత పెద్దది? ఇప్పుడున్న దానిలో ఎంత నిండిందో చూసి, దానికి రెట్టింపు తీసుకుంటే చాలా ఇళ్ళకు సరిపోతుంది. 1 టెరాబైట్ కొంటే విండోస్ తెర మీద 931 అని కనిపిస్తుంది. దుకాణదారు తూకంలో మోసం చేశాడనుకోకండి! తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1024తో లెక్కిస్తుంది. లక్ష కోట్ల బైట్లను మూడుసార్లు 1024తో భాగించి చూడండి.

మరి హార్డ్ డిస్క్‌కు ఇక చోటే లేదా? ఉంది. పెద్ద సైజుల్లో అదే ధరకు ఎక్కువ చోటు ఇచ్చేది అదే. అందుచేత లోపల ఎస్.ఎస్.డి. పెట్టి, బాగున్న పాత డిస్క్‌ను బయటి డబ్బాలో అమర్చి నకళ్ళకు వాడుకోవడం మంచి పద్ధతి.

మార్చేటప్పుడు

ముందు నకలు. ఆ నకలు తెరుచుకుంటుందో లేదో చూడటం తరువాత. అప్పుడే స్క్రూ డ్రైవర్. పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకుని, విద్యుత్తు తీగ తీసేసి, బ్యాటరీని విడదీయండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు చిప్‌లకు హాని చేస్తుంది కనుక, ముందు ఇనుప వస్తువును తాకండి.

పాత డిస్క్‌ను పాతసామాన్లవాడికి ఇచ్చేముందు ఒక్కమాట. 'డిలీట్' నొక్కినంత మాత్రాన ఫైలు పోదు. విషయసూచికలోంచి పేరు కొట్టేసినట్టే, పుట మాత్రం అలాగే ఉంటుంది. మీ ఇంటి ఫోటోలు, బ్యాంకు కాగితాలు పరాయివాళ్ళ చేతిలో పడవచ్చు. హార్డ్ డిస్క్ అయితే మొత్తం చోటు మీద కొత్తగా రాసే ప్రోగ్రాముతో తుడిపించండి. పూర్తిగా పాడైనదైతే పెద్దవాళ్ళ సాయంతో విప్పి చూడండి. లోపలి అయస్కాంతాలు గట్టివి, వేళ్ళు నలుగుతాయి. కొన్ని పళ్ళేలు గాజువి, పగిలితే గుచ్చుకుంటాయి. జాగ్రత్త!

చివరగా మీకో లెక్క: నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌లో అర చుట్టుకు ఎన్ని మిల్లీసెకన్లు పడుతుంది? కాగితం, పెన్సిలు తీసుకోండి మరి!