రక్తపుపోటు మందులు – వాని వలని బాధలు

రక్తపుపోటు పైకి గానరాని వ్యాధి. తలనొప్పియైనను నీరసమైనను లేకయే యది యేండ్లకొలది దేహమున దాగియుండవచ్చును. కావున మందు మొదలిడిన పిమ్మట గలుగు చిన్న యిబ్బందియే యనేకులకు మొట్టమొదట తెలిసివచ్చు బాధ యగుచున్నది. "నిన్నటివరకు సుఖముగానే యుంటిని, ఈ బిళ్లయే రోగము దెచ్చినది" యని తలచి దానిని మానివేయుదురు. ఆ సంగతి యింటివారితో జెప్పరు. వైద్యునితో నసలే చెప్పరు. అట్లు విడిచిన రక్తపుపోటు పక్షవాతమునకును, గుండెపోటునకును, మూత్రపిండముల చేటునకును దారితీయును. అందుచే నే మందువలన నే బాధ కలుగునో మనము తెలిసికొనుట యవసరము.

ఆమ్లోడిపిన్ రక్తనాళములను సడలించును. దానివలన గొందరికి సాయంకాలమునకు చీలమండలు వాచి, కాలిపట్టీలు బిగువగును. ఈ వాపు పురుషులలోకంటె స్త్రీలలో నెక్కువ. మోతాదు పెరిగినకొలది హెచ్చును.

ఎనలాప్రిల్, రామిప్రిల్ అను మందులవలన గొందరికి పొడిదగ్గు పట్టును. ఇదియు స్త్రీలలోనే యెక్కువ. మిరియాల కషాయమునకు లొంగదు. మందు మార్చినచో గొన్ని వారములలో తగ్గును. బదులుగా నిచ్చు లోసార్టాన్, టెల్మిసార్టాన్ అనువానివలన దగ్గు అరుదు. పెదవులు, నాలుక, ముఖము వాచినచో మాత్రము క్షణమాగక యాసుపత్రికి బోవలెను. గర్భిణులకు ఈ రెండు తెగల మందులును శిశుహానికరములు. వారికి మిథైల్‌డోపా, లాబెటలాల్ వంటివి యిచ్చుచున్నారు.

హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్తాలిడోన్ మూత్రమును జారీచేయును గనుక ఉదయముననే పుచ్చుకొనుట మేలు. వానివలన రక్తములోని లవణములు తగ్గి నీరసము, పిక్కలు పట్టుట కలుగవచ్చును. రక్తపరీక్షచే నది తెలియును.

అటినలాల్ వంటివి నాడిని మందగింపజేయును. అలసట, చేతులు చల్లబడుట గలవు. వీనిని హఠాత్తుగా మానుట మిక్కిలి యపాయకరము. ఉబ్బస మున్నచో ముందుగనే వైద్యునికి దెలుపవలెను.

ఏ మందైనను గ్రొత్తలో, లేచి నిలిచినపుడు తల తిరుగవచ్చును. మంచముమీద గొంతసేపు కూర్చుండి పిదప లేవవలెను.

వేరుమందులకు దోషము లేదని కొంద రందురు. మన సర్పగంధ వేరు రక్తపుపోటును దగ్గించు తీరును బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో వ్యాసముగా ప్రకటించెను. 1952లో నా వేరునుండి రిసర్పిన్ అను సారమును దీసిరి. అదియు గొందరికి తీవ్రమైన మనోవ్యాకులతను గలిగించెను. పనిచేయు మందెల్ల నెంతో కొంత వికారమును దెచ్చునని దీనివలన దెలియుచున్నది.

కీళ్లనొప్పికై తమంతట దామే కొని మ్రింగు ఐబూప్రోఫెన్, డైక్లోఫినాక్ బిళ్లలు రక్తపుపోటును హెచ్చించునని మరువరాదు.

కావున గృహిణులు చేయదగిన దేమన, మందు పేరును, మొదలిడిన తేదీని, బాధ పుట్టిన తేదీని ఒక కాగితముమీద వ్రాసి, వాడుచున్న బిళ్లలన్నింటితో వైద్యునికి జూపవలెను. ఆయన మోతాదు తగ్గింపవచ్చును, మందు మార్పవచ్చును, రెండు మందులను కొద్ది మోతాదులలో గలిపి యీయవచ్చును. ఇంట అత్తగారో తల్లిగారో యీ మందులు పుచ్చుకొనుచున్నయెడల, "మందు వేసికొంటిరా?" యని మాత్రమే గాక, "మందు మీ కెట్లు పడుచున్న"దనియు మన మడుగుచుండవలెను.