పాత లారీ కొంటున్నారా? ఇంజన్‌ను ఇలా పరీక్షించుకోండి

అనంతపురం ప్రాంతంలో చీనీ, టమాటా తోలడానికి కొందరు రైతులు కలిసి పాత లారీ కొంటుంటారు. టాటా 697 లాంటి పాత ఇంజన్లు గట్టివే. ఆరు సిలిండర్లు, 5,675 సీసీ. కంప్యూటర్ లేదు. డీజిల్ పంపు మెకానికల్ కాబట్టి రిపేరు సులువు. అయితే మన దగ్గర వీటిని దెబ్బతీసేవి రెండున్నాయి.

దుమ్ము: ఎయిర్ ఫిల్టర్ బాగోలేకపోతే మట్టి లోపలికి పోయి రింగులు, లైనర్లు అరుగుతాయి. ఆయిల్ బాత్ ఫిల్టరైతే అడుగున మట్టి పేరుకోగానే కడిగి, నూనె మార్చాలి.

బోరు నీళ్లు: ఈ నీళ్లు పోస్తే రేడియేటర్‌లో సున్నం పొర కడుతుంది. ఎండలో, లోడుతో మిట్ట ఎక్కేటప్పుడు ఇంజన్ కాగి హెడ్ గాస్కెట్ పోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయాలి.

కొనే ముందు:

1. ఉదయాన్నే, ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి ఉంచితే లోపం బయటపడదు.

2. రేడియేటర్ మూత కూడా చల్లగా ఉన్నప్పుడే తీయండి. నీళ్లపై నూనె తేలుతుంటే ఆ బండి వద్దు.

3. ఇంజన్ వేడెక్కాక కూడా నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్లు. నల్లపొగకు ఫిల్టర్ మూసుకుపోవడమో, నాజిళ్లు పాడవడమో కారణం. తెల్లపొగ ఆగకపోతే సిలిండర్‌లోకి నీళ్లు దిగుతున్నాయేమో చూపించండి.

4. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీయించండి. పొగ బలంగా తన్నుకొస్తే రింగులు, లైనర్లు అరిగినట్లే. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

5. లోడుతో మిట్ట ఎక్కించి, టెంపరేచర్ ముల్లు గమనించండి.

ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ కాగితాలూ చూడండి. మదనపల్లె మార్కెట్‌కు పోతూ దారిలో బండి ఆగిపోతే, టమాటా ఆగదు, కుళ్లిపోతుంది. కొనే రోజు నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి.