నీళ్ళు తేటగానే ఉన్నాయి, చేపలెందుకు చనిపోయాయి?



పోయిన పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఒక అమ్మగారు నన్ను ఆపి, "మేడమ్, మావాడు ఇంట్లో నీమో ట్యాంక్ పెట్టమని రోజూ ప్రాణం తీస్తున్నాడు. పెట్టొచ్చా?" అని అడిగారు. "పెట్టొచ్చండీ. కానీ చేపలు లేని ట్యాంక్‌ని నెలా నెలన్నర చూస్తూ కూర్చోగలిగితేనే" అన్నాను. ఆవిడ నవ్వేశారు. నేను మాత్రం సరదాకి అనలేదు.

రెండేళ్ళ క్రితం మా అక్క కొడుకు పుట్టినరోజుకి నేనే ఒక ఉప్పునీటి అక్వేరియం కొనిచ్చాను. ఆదివారం పొద్దున ట్యాంక్, ఉప్పు, రెండు క్లౌన్ చేపలు కొన్నాం. సాయంత్రానికల్లా అన్నీ సర్దేసి, చేపల్ని వదిలి ఫోటోలు కూడా దిగాం. ఐదో రోజు ఒక చేప తేలింది, మర్నాడు రెండోది. "పిన్నీ, నీళ్ళు తేటగానే ఉన్నాయిగా, ఎందుకు చచ్చిపోయాయి?" అని వాడు అడిగితే "ఏదో జబ్బు నాన్నా" అని తప్పించుకున్నాను. నిజానికి కారణం నాకు తెలిసుండాలి. ఏటా ఎనిమిదో తరగతి బోర్డు మీద నత్రజని వలయం బొమ్మ గీసేది నేనే.

కంటికి కనపడని విషం

చేప తన మొప్పల ద్వారా అమ్మోనియాని విడుదల చేస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమ్మోనియాయే వస్తుంది. దానికి రంగు లేదు కాబట్టి నీళ్ళు అద్దంలా ఉన్నా అందులో విషం ఉండొచ్చు. సముద్రపు నీటి పీహెచ్ 8కి పైనే ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా మరింత ప్రమాదకరం.

సముద్రంలో ఈ విషాన్ని బాక్టీరియా విరగ్గొడుతుంది. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా చేపలకి హానికరమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది కొద్ది మోతాదులో ఉంటే చేపలు తట్టుకుంటాయి. కొత్త ట్యాంక్‌లో ఈ బాక్టీరియా ఉండదు. రాళ్ళ రంధ్రాల్లో, ఇసుకలో, ఫిల్టర్ స్పాంజిలో అది స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మేము దానికి ఒక్క పూట కూడా ఇవ్వలేదు.

ఏమేం కావాలి?

ట్యాంక్: మరీ చిన్నది వద్దు. నీళ్ళు ఎంత తక్కువైతే తేడాలు అంత త్వరగా వస్తాయి. రెండడుగుల పొడవుండి 75 లీటర్లు పట్టేది మొదటిసారికి సరిపోతుంది. రాళ్ళు, గాజుతో కలిపి బరువు 90 కిలోలు దాటుతుంది. టీవీ స్టాండ్ మీద కాకుండా గట్టి బల్ల మీద, ఎండ పడని చోట పెట్టండి. ప్లగ్ పాయింట్ నీళ్ళు చిందని ఎత్తులో ఉండాలి. చెయ్యి ట్యాంక్‌లో పెట్టేముందు స్విచ్ ఆఫ్ చేయడం పిల్లలకి మొదటి రోజే నేర్పండి.

నీళ్ళు: బోరు నీళ్ళు, కుళాయి నీళ్ళు పనికిరావు. ఆర్వో నీళ్ళు కావాలి. ఇక్కడ ఒక చిక్కుంది. మన ఇళ్ళలోని చాలా ప్యూరిఫయర్లు రుచి కోసం కొంత మామూలు నీటిని తిరిగి కలుపుతాయి. టీడీఎస్ మీటర్‌తో చూసుకోండి, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. బీచ్ నుంచి క్యాన్లలో నీళ్ళు తెచ్చుకోవాలనిపించవచ్చు. ఊరి దగ్గరి ఒడ్డు నీటిలో మురుగు కలిసి ఉంటుంది, వద్దు.

ఉప్పు: వంటింటి ఉప్పు, కల్లుప్పు కాదు. అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పు కావాలి. అందులో కాల్షియం, మెగ్నీషియం వంటివన్నీ ఉంటాయి. లీటరుకి సుమారు 35 గ్రాములు, అంటే 75 లీటర్లకి దాదాపు 2.6 కిలోలు. బకెట్‌లో కలిపి, చిన్న పంపుతో ఒక రోజు తిప్పి, హైడ్రోమీటర్‌లో 1.025 వచ్చాక ట్యాంక్‌లో పోయండి.

ఇవి కాక రంధ్రాలున్న సిరామిక్ రాళ్ళు, ఇసుక, ఫిల్టర్, నీటిని కదిలించే పంపు, థర్మామీటర్, టెస్ట్ కిట్ కావాలి. డబ్బు సరిపోకపోతే లైటు తగ్గించండి గానీ టెస్ట్ కిట్ మానకండి.

ఖాళీ ట్యాంక్ రోజులు

నీళ్ళు పోసి, ఫిల్టర్ ఆన్ చేశాక రోజూ చిటికెడు చేపల మేత వేయండి. అది కుళ్ళి అమ్మోనియా వస్తుంది, అదే బాక్టీరియాకి ఆహారం. రెండు మూడు రోజులకోసారి పరీక్షించి రాసుకోండి. ముందు అమ్మోనియా పెరుగుతుంది. అది తగ్గుతుండగా నైట్రైట్ పెరుగుతుంది. చివరికి రెండూ సున్నాకి వచ్చి నైట్రేట్ కనిపిస్తుంది. ఇలా వరుసగా వారం రోజులు ఉంటే పావువంతు నీళ్ళు మార్చి, అప్పుడు ఒక జత క్లౌన్ చేపల్ని తీసుకురండి. ఆ ట్యాంక్‌కి అవి చాలు. సినిమాలో డోరీగా చూసిన నీలం చేప అడుగు దాకా పెరుగుతుంది. ఇంత చిన్న ట్యాంక్‌లో దాన్ని పెట్టడం న్యాయం కాదు.

కొనేటప్పుడు "ఇవి హేచరీలో పుట్టినవా, సముద్రంలో పట్టినవా?" అని తప్పక అడగండి. క్లౌన్ చేపల్ని ట్యాంకుల్లోనే పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. ట్యాంక్‌లో పుట్టిన చేప మేతకి త్వరగా అలవాటు పడుతుంది, సముద్రానికి కూడా నష్టం ఉండదు.

మరి పగడాలు?

పిల్లలు ముందు అడిగేది వీటినే. పగడం రాయి కాదు, ప్రాణమున్న జీవుల కాలనీ. మన దేశంలో రీఫ్ కట్టే పగడాలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ వంటి చోట్ల నుంచి వాటిని, వాటి ముక్కల్ని తీయడం, అమ్మడం, కొనడం నేరం. విదేశీ పగడాలకి కూడా దిగుమతి పత్రాలు, రిజిస్ట్రేషన్ కావాలి. ఎవరైనా "లైవ్ రాక్" అని బిల్లు లేకుండా అమ్మితే తీసుకోకండి. మా ఇంట్లో అన్నీ సిరామిక్ రాళ్ళే. కొన్ని నెలలకి వాటి మీద నాచు పట్టి, ఇప్పుడు కొత్తగా చూసేవాళ్ళు నిజం రాళ్ళే అనుకుంటారు.

రోజువారీ సంగతులు

నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరవదు. నౌపడ, చినగంజాం ఉప్పు మడుల్లో జరిగేది ఇదే. కాబట్టి గాజు మీద గీత పెట్టుకుని, తగ్గినంత మేరకు ఉప్పు కలపని ఆర్వో నీళ్ళే పోయాలి.

నీటి వేడి 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో మన గదులు దీన్ని చాలా దాటేస్తాయి. నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెడితే కొన్ని డిగ్రీలు తగ్గుతుంది, అప్పుడు నీళ్ళు ఇంకా త్వరగా ఆవిరవుతాయి. అదీ చాలకపోతే చిల్లర్ కావాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఉంచండి.

ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగకండి, క్లోరిన్‌కి బాక్టీరియా చనిపోతుంది. నీళ్ళు మార్చినప్పుడు తీసిన ట్యాంక్ నీటిలోనే పిండండి. సంక్రాంతికి ఊరెళ్తుంటే మేతని రోజుకో పొట్లం కట్టి పక్కింటివాళ్ళకి ఇవ్వండి. డబ్బా ఇస్తే ప్రేమతో ఎక్కువ వేసేస్తారు.

మా రెండో ప్రయత్నం

ఆరు నెలల తర్వాత మా వాడికి నిజం చెప్పాను. "జబ్బు కాదు నాన్నా, పిన్ని తొందరపడింది" అన్నాను. ఈసారి వాడికి ఒక నోట్‌బుక్ ఇచ్చాను. తేదీ, అమ్మోనియా, నైట్రైట్, వేడి అన్నీ వాడే రాశాడు, గ్రాఫ్ కూడా వాడే గీశాడు. మూడో వారంలో విసుగొచ్చి "ఒక్క చేప వేద్దాం పిన్నీ" అని బతిమాలాడు. గ్రాఫ్ చూపించి "నువ్వే చెప్పు, వెయ్యొచ్చా?" అన్నాను. నైట్రైట్ గీత ఇంకా పైకే ఉంది. కాసేపు చూసి "వద్దులే" అన్నాడు. ముప్పై ఎనిమిదో రోజుకి రెండూ సున్నాకి దిగాయి. ఇంకో వారం కూడా వాడే ఆగమన్నాడు.

ఆ రెండు చేపలు ఇప్పటికీ ఉన్నాయి. మీ ఇంట్లో కూడా మొదలుపెట్టాలనుకుంటే ముందు టెస్ట్ కిట్, ఒక నోట్‌బుక్ కొనండి. చేపల షాపుకి వెళ్ళే రోజు ఎప్పుడో ఆ నోట్‌బుక్ చూసి మీ పిల్లలే చెబుతారు.