మీకు తెలుసా? ముడతల సూదికీ, పెదవి పొక్కుకీ ఏమిటి సంబంధం?

జ్వరం తగ్గే వేళకి పెదవి చివర చిన్న చిన్న నీటి పొక్కులు గుత్తిగా లేస్తాయి. ‘మూతి పేలింది, ఇక జ్వరం పోయినట్టే’ అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. నిజానికి జ్వరం ఒక సాకు మాత్రమే. ఎండ దెబ్బ, నిద్రలేమి, పరీక్షల బెంగ కూడా అలాంటి సాకులే. అసలు దోషి హెర్పిస్ సింప్లెక్స్ మొదటి రకం వైరస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వాళ్లలో 380 కోట్ల మందికి, అంటే నూటికి 64 మందికి, ఇది సోకి ఉంది. వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

హెర్పిస్ అనే గ్రీకు మాటకు అర్థం పాకేది అని. సంస్కృతంలోని ‘సర్పం’ కూడా అదే ధాతువు నుంచి పుట్టింది. ఇదే కుటుంబానికి చెందిన మరో వైరస్ నడుం మీదో ఛాతీ మీదో పట్టీలా పొక్కులు తెప్పిస్తే దాన్ని మనవాళ్లు ‘సర్పి’ అన్నారు. ఎక్కడెక్కడో ఉన్న రెండు నేలల మీద ఒకే పోలిక తట్టింది!

పెదవి పొక్కు మానిపోయినా వైరస్ పోదు. నరం వెంట వెనక్కి పాకి, పుర్రె లోపల చెవికి కాస్త ముందున్న ఒక నరాల ముడిలో నిద్రపోతుంది. అదను చూసి అదే దారిన మళ్లీ పెదవికి దిగుతుంది. అందుకే ప్రతిసారీ దాదాపు అదే చోట చిమచిమ మొదలవుతుంది.

ఇంతకీ ముడతల సూది, అంటే బొటాక్స్, ఈ కథలోకి ఎలా వచ్చింది? అది పనిచేసేది కూడా నరాల కొసల మీదే కాబట్టి.

అది ఒక విషం నుంచి తీసిన మందు. ముందు దాని పుట్టుక చెప్పాలి. 1820 ప్రాంతంలో జర్మనీలో పాడైన సాసేజ్‌లు తిని జనం చచ్చిపోతుంటే, కవిత్వం కూడా రాసే యుస్టినస్ కెర్నర్ అనే డాక్టరు ఆ కేసులన్నీ కూడబెట్టాడు. 1822లో 155 మంది రోగుల వివరాలతో పుస్తకం వేశాడు. ఆ విషాన్ని కొద్దిగా తన మీదే ప్రయోగించుకుని, అదుపు తప్పిన నరాలకు ఇదే మందు కావచ్చని కూడా రాశాడు. 1895లో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే ఊళ్లో చావు ఇంటికి వాయించడానికి వచ్చిన బ్యాండువాళ్లు పంది తొడ మాంసం తిన్నారు. 34 మందికి జబ్బు చేసింది, ముగ్గురు పోయారు. ఆ మాంసంలోంచే ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఈ విషం పుట్టించే బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. ఈ విషం తెచ్చే జబ్బు పేరు బొటులిజం. అందులో ఉన్న లాటిన్ మాట ‘బొటులస్’ అంటే సాసేజే.

ఈ విషం నరం కొసలో రసాయన సందేశం బయటికి రాకుండా తలుపు మూస్తుంది. సందేశం అందని కండరం మూడు నాలుగు నెలలు ఊరుకుంటుంది. శాన్ ఫ్రాన్సిస్కో కంటి డాక్టరు అలన్ స్కాట్ మెల్లకన్ను సరిచేయడానికి దీన్ని ముందు కోతుల మీద, తర్వాత మనుషుల మీద వాడి చూశాడు. 1989లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది మెల్లకన్నుకూ, ఆగకుండా కొట్టుకునే కనురెప్పలకూ. అందం సంగతి తర్వాత వచ్చింది. వాంకూవర్‌లో కంటి డాక్టరు జీన్ కరథర్స్, చర్మ వైద్యుడైన ఆమె భర్త అలస్టర్, రెప్పల జబ్బుకు సూది వేయించుకున్న మనిషి నొసలు నున్నబడటం గమనించారు. కనుబొమల నడిమి గీతలకు అనుమతి వచ్చింది 2002లో. మందుగా పుట్టి సోకుగా పేరుపడింది. ఇప్పుడు ఎడతెగని మైగ్రేన్‌కు తలా మెడా కలిపి 31 చోట్ల పొడుస్తున్నారు. చంకల్లో ధారగా కారే చెమటకూ, ఆపుకోలేని మూత్రానికీ కూడా ఇదే.

ఇక పెదవి పొక్కు. సూది వేసిన చోట పొక్కులు రావడం తగ్గిందని వైద్య పత్రికల్లో అక్కడొకటి ఇక్కడొకటి రోగుల కథనాలు వచ్చాయి. ఊహకు ఆధారం లేకపోలేదు. ఈ మందు కండరాలకు వెళ్లే సందేశాన్నే కాదు, నొప్పినీ వాపునీ రేపే పదార్థాల విడుదలనూ అడ్డుతుంది. నరం నెమ్మదిస్తే వైరస్ లేవడానికి కారణమూ తగ్గవచ్చు. సర్పి మానాక నెలల తరబడి పీడించే నరాల నొప్పి మీద జరిగిన చిన్న పరీక్షల్లో ఈ సూది ఉపశమనం ఇచ్చింది కూడా. కానీ నొప్పి తగ్గడం వేరు, వైరస్ అణగడం వేరు. పెదవి పొక్కులు కొన్నేళ్లకి వాటంతట అవే పలచబడే రకం. సూది వేయని వాళ్లతో పోల్చకుండా ఆ ఘనత సూదికి కట్టబెట్టలేం. ఎఫ్‌డీఏ ఒప్పుకున్న జబ్బుల జాబితాలో పెదవి పొక్కు లేదు. నన్నడిగితే, ఇది ఆసక్తికరమైన ఊహ, అంతే.

మూతి చుట్టూ కండరం మరీ సడలితే ఏమవుతుందో కూడా ఆలోచించండి. స్ట్రాతో కొబ్బరి నీళ్లు పీల్చలేం, ఈల వేయలేం. ప, ఫ, బ, భ, మ పలకాలంటే పెదవులు గట్టిగా కలవాలి. మన కవులు పెదవి తగలని అక్షరాలతో నిరోష్ఠ్య కావ్యాలు రాసి మెప్పు పొందారు. సూది వికటిస్తే మనకది తప్పనిసరి ఛందస్సు అవుతుంది.

ఇంకో తిరకాసు. పెదవులు ఉబ్బించే ఫిల్లర్ సూదులు, ముఖం మీద లేజర్, రసాయనాలతో పొర ఊడదీయడం నిద్రపోతున్న వైరస్‌ను లేపగలవు. అందుకే మంచి చర్మ వైద్యులు ‘ఇదివరకు మూతి పేలిందా?’ అని ముందే అడిగి, అవసరమైతే వైరస్‌ను అణిచే మాత్రలు మొదలుపెట్టిస్తారు. వాళ్లు అడగకపోతే మీరే చెప్పండి.

పొక్కుకు పనికొచ్చే మందు ఎప్పటినుంచో ఉంది. అసైక్లోవిర్. దాన్ని తయారుచేసిన బృందాన్ని నడిపిన గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పొక్కు లేచాక కాక, చిమచిమ మొదలవగానే డాక్టరు సలహాతో వాడితే ఫలితం ఎక్కువ.

పసిబిడ్డలున్న ఇళ్లకు రెండు మాటలు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకండి. బొటాక్స్‌కు మూలమైన బ్యాక్టీరియా బీజాలు తేనెలో ఉండవచ్చు, అవి పసి పేగుల్లో మొలకెత్తి అదే విషం పుట్టిస్తాయి. పురుట్లో నాలుకకు తేనె రాసే ఆనవాయితీ ఉన్నా సరే. అలాగే పెదవి మీద పొక్కు ఉన్నన్నాళ్లు నెలల బిడ్డను ముద్దు పెట్టుకోవద్దు. మనకు నాలుగు రోజుల మంటగా పోయే ఈ వైరస్ అప్పుడే పుట్టిన బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు.